పదిహేడు సెకన్లకో టిక్కు

రిటైరయ్యాక నాకోసం నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు పాటలు వినే సెట్టు. అప్పటిదాకా ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ ఎవరో ఒకరి అవసరానికి వచ్చిందే. గాజులు చేయించుకోమని ఆడపడుచు, కాశీ వెళ్ళి రమ్మని తోడికోడలు సలహా ఇచ్చారు. నా మనసు రెండింటి మీదికీ పోలేదు. చిన్నప్పుడు ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను. పెళ్ళితో సాధన ఆగిపోయింది గానీ వినడం ఆగలేదు. ఎ.కొండూరు హైస్కూల్లో లెక్కలు చెప్పినన్నాళ్ళూ తిరువూరు నుంచి బస్సులో వెళ్తూ, వస్తూ, ఇంజను మోతలో సగం స్వరాలు పోగొట్టుకుంటూనే విన్నాను. ఇకమీదట ఒక్కటి కూడా పోకుండా వినాలన్నది నా పట్టుదల.

దుకాణం విజయవాడలో. మావారే కారు నడుపుతూ తీసుకెళ్ళారు. ఆయనది రైస్ మిల్లు. వాళ్ళ నాన్నగారి హయాం నుంచీ ఉన్నదే. పద్దెనిమిదో ఏట అందులో అడుగుపెట్టిన మనిషి ఇప్పటికీ పొద్దున్నే టిఫిన్ తిని అక్కడికే వెళ్తారు. పాటల మీద ఆయనకి ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. నేను కొనుక్కుంటానంటే సరే అన్నారు, అంతే.

దుకాణం యజమాని నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్థుడు, నెమ్మదిగా మాట్లాడతాడు. మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గది ఎంత పెద్దదని మావారిని అడిగాడు. పదహారడుగుల పొడవు, పన్నెండు వెడల్పు అని నేను చెప్పాను. తలూపి, ఎలాంటి సంగీతం వింటారని మావారిని అడిగాడు. వీణ, గాత్రం, అప్పుడప్పుడు పాత సినిమా పాటలు అని నేను చెప్పాను. మళ్ళీ తలూపి మూడో ప్రశ్న కూడా అటే వేశాడు. మావారు ఫోన్లో ధాన్యం ధరలు చూసుకుంటూ, "మేడంగారిని అడగండి, నాకేం తెలీదు" అన్నారు. యజమాని నవ్వి, ఆ మాట వినయం కింద జమకట్టుకున్నాడు. చివర్లో ఒక వీణ రికార్డు పెట్టి, ఎలా ఉంది సార్ అని అడిగితే మావారు బాగుందన్నారు. బేరం అక్కడ కుదిరింది. నన్నెవరూ అడగలేదు. నాకూ బాగానే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

స్పీకర్లు, ఆంప్లిఫయరు నాకు కొత్తేం కాదు. కొత్తది డాక్ అనే పెట్టె. కంప్యూటర్లోనూ సీడీలోనూ పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెల్ని మళ్ళీ చప్పుడుగా మార్చి ఆంప్లిఫయరుకి అందించడం ఈ పెట్టె పని. అంకెల్ని దానిదాకా తీసుకురావడానికి వెనకవైపు రకరకాల సాకెట్లు ఉంటాయి. కంప్యూటరు నుంచి వచ్చే యూఎస్‌బీ ఒకటి, వెలుగు రూపంలో పంపే ఆప్టికల్ ఒకటి, మామూలు రాగి తీగ మీద పంపే కోయాక్సియల్ ఒకటి, ఇవి కాక నా జన్మలో వాడనివి ఇంకో రెండు. అన్నిట్లోనూ వెళ్ళేది ఆ అంకెలే. అలాంటప్పుడు ఏది వాడితే ఏముంది, అంకె అంకే కదా అనుకున్నాను. లెక్కల టీచర్ని, అలాగే అనుకుంటాను మరి.

యజమాని స్వయంగా తిరువూరు వచ్చి అన్నీ బిగించాడు. యూఎస్‌బీ అన్నిటికంటే మంచిదని చెప్పి, నా ల్యాప్‌టాప్‌ని దాంతో డాక్‌కి కలిపాడు. పాటలు ఎలా పెట్టుకోవాలో మావారికి చూపించాడు. మావారు ఆవులింత ఆపుకుంటూ చూశారు. అతను వెళ్ళిపోయాక ఆయన మిల్లుకి వెళ్ళారు. నేను ఫ్యాను ఆపుకుని, కిటికీలు మూసుకుని, కుర్చీ మధ్యలో వేసుకుని కూర్చున్నాను.

ఆలాపన మొదలైంది. ఇన్నేళ్ళూ నేను పోగొట్టుకున్నది ఏమిటో మొదటి రెండు నిమిషాల్లోనే తెలిసింది. మూడో నిమిషంలో వీణ కాసేపు ఆగినచోట, అడుగున సన్నగా జుయ్‌మని ఒక చప్పుడు వినిపించింది. దూరంగా ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు. ఒకసారి వినపడిందంటే ఇక అదే వినపడుతుంది. ఆ మధ్యాహ్నం నేను వీణ వినలేదు, ఆ జుయ్‌ విన్నాను.

యజమానికి ఫోన్ చేశాను. కేబుల్ మార్చాలన్నాడు. బొటనవేలంత లావు, అల్లిక తొడుగు వేసిన కేబుల్ ఒకటి కొరియర్లో వచ్చింది. చప్పుడు అలాగే ఉంది. మళ్ళీ చేశాను. సార్‌కి కూడా వినబడుతోందా అని అడిగాడు. మావారిని పిలిచి స్పీకరు దగ్గర నిలబెట్టాను. ఆయన చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, శ్రద్ధగా విని, "ఏమీ లేదే" అన్నారు. ఆ మాటనే నిజాయితీగా యజమానికి చెప్పాను. నేను చేసిన పొరపాటు అదే. ఆ రోజు నుంచి అతని దృష్టిలో ఆ చప్పుడు లేనట్టే.

చప్పుడుకి కారణం అనుకోకుండా దొరికింది. గది ఊడుస్తూ ల్యాప్‌టాప్ ఛార్జరు ప్లగ్గులోంచి తీశాను, జుయ్‌ ఆగిపోయింది. పెట్టాను, వచ్చింది. పదిసార్లు తీసి పెట్టాను. ఇక మా ఇంటికి వైరింగు చేసినతన్ని పిలిచాను. ఎ.కొండూరులో నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు అతనికే పెళ్ళీడుకొచ్చిన కూతురుంది. విషయం చెప్పగానే నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చుని, స్పీకరుకి చెవి పెట్టాడు. కాసేపటికి తలెత్తి, "వస్తోంది టీచర్ గారూ. సన్నగా వస్తోంది" అన్నాడు. నెలన్నరగా ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో అప్పుడే తెలిసింది.

పెరట్లో ఎర్తింగు గుంట మూత తీసి చూస్తే లోపల మట్టి ఎండిపోయి బీటలిచ్చి ఉంది. నీళ్ళు పోసి ఎన్ని వేసవులయిందో నాకూ గుర్తులేదు. ఉప్పు, బొగ్గు వేయించి, నాలుగు బిందెల నీళ్ళు పోయించాడు. జుయ్‌ ముప్పావు వంతు తగ్గింది. మిగతా పావు ఛార్జరుదేననీ, అది తన చేతిలో లేదనీ, వినేటప్పుడు ఛార్జరు తీసేసి వినమనీ చెప్పి వెళ్ళాడు. అంటే ఇంత సెట్టు కొని, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపే వినాలన్నమాట.

అప్పుడే ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. ఇలాంటి సెట్లు ఉన్నవాళ్ళ గ్రూపు. నా పేరు ఇంటిపేరుతో, పొడి అక్షరాలతో ఉండేసరికి అందరూ బ్రదర్ అని పిలిచేవారు. అడిగిన ప్రశ్నకి పదిమంది జవాబిచ్చేవారు, పది జవాబులు పది రకాలుగా ఉండేవి. యూఎస్‌బీ తప్ప ఏదీ పనికిరాదని ఒకరు. యూఎస్‌బీ పెట్టినవాడికి చెవులే లేవని ఇంకొకరు. కేబుల్ రెండొందల గంటలు మోగితే గానీ లొంగదని ఒకరు. ఒకాయన అయితే నేనేది రాసినా డాక్ మార్చెయ్ బ్రదర్ అనేవాడు. ఒకరోజు టైపు చేసే ఓపిక లేక మాట రికార్డు చేసి పంపాను. ఆ తర్వాత అందరూ నన్ను మేడం అనడం మొదలుపెట్టారు, ప్లగ్గు అంటే ఏమిటో, స్విచ్చి అంటే ఏమిటో అక్కడి నుంచి నాకు చెప్పుకొచ్చారు. నేను అడిగింది ఏమిటో ఎవరికీ గుర్తులేదు.

అయినా ఆ జవాబులన్నిట్లో ఒక మాట నాకు నచ్చింది. ఆప్టికల్లో కరెంటు పోదు, వెలుగే పోతుంది, కాబట్టి ఛార్జరు గోల దాంట్లోంచి రాలేదు. అది తర్కానికి నిలిచే మాట. నా ల్యాప్‌టాప్‌కి ఆప్టికల్ లేదు గానీ పాత సీడీ ప్లేయరుకి ఉంది. అలమరలో సీడీలు రెండొందలదాకా ఉన్నాయి. ఆప్టికల్ కేబుల్ తెప్పించి రెండు చివరలా పెట్టాను. ఏమీ రాలేదు. డాక్ మీద ఏ సాకెట్ వాడాలో చూపే గుర్తు మార్చాను, సీడీలు మార్చాను, ప్లేయరు ఆపి మళ్ళీ పెట్టాను. రెండు రోజులు. మూడో రోజు కేబుల్ ఊడదీసి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే, కొనకి పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీ ఒకటి ఉంది. కేబుల్ కొనకి గీతలు పడకుండా తొడిగిన టోపీ. నేను దాన్ని తీయకుండానే సాకెట్లో కుక్కాను, కొన లోపలిదాకా దిగనే లేదు. ఈ సంగతి గ్రూపులో చెప్పలేదు, మావారికీ చెప్పలేదు. మొదటిసారి ఇక్కడే రాస్తున్నాను.

టోపీ తీశాక పాట వచ్చింది. జుయ్‌ లేదు. అడుగున ఏమీ లేదు. వీణ ఆగినచోట నిజంగా నిశ్శబ్దం. కాసేపు కదలకుండా కూర్చున్నాను, నిమిషం కూడా అయి ఉండదు. అప్పుడు వినపడింది, టిక్కు.

చాలా చిన్నది. పంటి మీద గోరు తగిలినంత. సీడీ మీద గీత ఉందేమో అనుకుని మార్చాను. ఇంకో సీడీలోనూ వచ్చింది. గొంతు పాడుతున్నప్పుడు దాదాపు తెలియదు, తీగ సన్నగా మోగి ఆగిపోతున్నప్పుడు మాత్రం స్పష్టంగా టిక్కుమంటుంది. యజమానికి ఫోన్ చేస్తే ఆప్టికల్ నాసిరకం, అందుకే నేను యూఎస్‌బీ పెట్టానమ్మా అన్నాడు. సరే, కోయాక్సియల్ చూద్దామనుకున్నాను. దానికీ ప్రత్యేకమైన కేబుల్ కొనాలన్నాడు. అలమర అడుగున పాత వీసీడీ ప్లేయరు తీగల్లో పసుపురంగు కొనలున్నది ఒకటి దొరికింది. బొమ్మ కోసం వాడేది. ఇంటర్నెట్‌లో చదివితే ఆ పసుపు తీగా కోయాక్సియల్ తీగా ఒకే జాతివి. పెట్టాను, చక్కగా పాడింది. టిక్కు మాత్రం అలాగే ఉంది.

ఇలా ఫోన్లలో తేలదని నేను గట్టిగా అంటే, యజమాని మైలవరంలో వేరే పనుండి వచ్చినవాడు తిరువూరు దాకా వచ్చాడు. వస్తూనే సార్ లేరా అని అడిగాడు. భోజనానికి వచ్చిన మావారు ఉన్నారు. ముందు ఆ పసుపు తీగ చూసి, చెప్పు వేసుకుని దేవుడి గదిలోకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత సీడీ పెట్టి, నిలబడే, ఫ్యాను తిరుగుతుండగానే, మావారితో ఎండల గురించి, రెడ్డిగూడెం మామిడికాపు గురించి మాట్లాడుతూ రెండు నిమిషాలు విన్నాడు. ఫ్యాను ఆపమంటారా అని అడిగాను. అక్కర్లేదమ్మా అన్నాడు. టిక్కు వచ్చింది. ఇదిగో అన్నాను. అతను మావారి వైపు చూశాడు. మావారు తల అడ్డంగా ఊపారు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఇదిగో అన్నాను. ఈసారి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమనుకోకండమ్మా, మా అమ్మగారి లాంటివారు," అన్నాడు. "ఈ వయసులో చెవుల్లో ఇలాంటివి మామూలే. మా అమ్మకీ ఏవో చప్పుళ్ళు వినబడుతుంటాయి. ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి."

దురుసుగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. అతను నిజంగా నా మేలు కోరి అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాను.

తర్వాత వారం రోజులు నా మీద నాకే అనుమానం. గిన్నెలు తోముతుంటే టిక్కు. పేపరు చదువుతుంటే టిక్కు. అవి నిజంగా ఉన్నాయో, భయంకొద్దీ వినపడుతున్నాయో తేల్చుకోలేకపోయాను. వినడమే మానేశాను. చివరికి మావారికి విజయవాడలో పనుందంటే ఆ కారులోనే వెళ్ళి చెవుల డాక్టర్ దగ్గర పేరు రాయించుకున్నాను.

అక్కడ చెవులు పరీక్షించేది ఒక చిన్నమ్మాయి. నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. చప్పుడు ఎంత చిన్నదైనా సరే వినపడగానే నొక్కాలి. నొక్కుతూ పోయాను. బయటికి వచ్చాక కాగితం చూపించి, మీ వయసుకి చాలా బాగున్నాయి మేడం, ఇలా నాకు అరుదుగా కనిపిస్తుంది అంది. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించుకోవాలనిపించింది. ఆ సంతోషంలోనే, ఎలాగూ వచ్చాం, మీరూ చూపించుకోండి అని మావారిని లోపలికి తోశాను. నాకెందుకు, నాకు బాగానే ఉన్నాయి అంటూనే వెళ్ళారు.

నేను బయట అమ్మాయి పక్కన నిలబడ్డాను. అద్దంలోంచి ఆయన కనిపిస్తున్నారు. బటన్ మీద బొటనవేలు పెట్టుకుని, నిటారుగా కూర్చుని, పరీక్ష రాసే పిల్లాడిలా ఎదురుచూస్తున్నారు. మొదట్లో నాలుగైదుసార్లు నొక్కారు. తర్వాత నొక్కడం ఆగిపోయింది. అమ్మాయి చెయ్యి మాత్రం ఆగలేదు. ఆమె మీట తిప్పుతోంది, చప్పుడు పంపుతోంది, కాగితం మీద గుర్తు పెడుతోంది. మళ్ళీ తిప్పుతోంది, మళ్ళీ పంపుతోంది. ఆయన బొటనవేలు కదలదు. చప్పుడు పెంచింది. కదలలేదు. ఒక దశలో హెడ్‌ఫోన్లలోంచి పొంగి, అద్దం దాటి నాకే సన్నగా ఈల వినపడింది. ఆయన నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు, ఇంకా మొదలుపెట్టలేదు అన్నట్టు.

మిల్లు అని చెప్పగానే అమ్మాయికి అర్థమైంది. అన్నేళ్ళు ఆ మోతలో ఉన్నవాళ్ళకి ముందు పోయేవి సన్నటి చప్పుళ్ళేనట. అవి పోతే మాటల్లో సగం అక్షరాలు చెదిరిపోతాయట. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. ఇది ఇవాళ్టిది కాదు, పదిహేనిరవై ఏళ్ళ నుంచీ జరుగుతూ ఉండి ఉంటుంది అంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన పక్కనే కూర్చున్నాను. నాకు జాలి కలగాలి కదా. కలగలేదు. కోపం వచ్చింది. పదిహేనిరవై ఏళ్ళు ఈయన నేను చెప్పినవాటికి ఊఁ అన్నారు. పాలు పొంగుతున్నాయి చూడండి అంటే ఊఁ. మీ చెల్లెలు ఫోన్ చేసింది అంటే ఊఁ. ఒకసారి స్నానాల గదిలో కాలుజారి పడి, పక్క గదిలో పేపరు చదువుకుంటున్న ఈయన్ని పిలిచీ పిలిచీ గోడ పట్టుకుని నేనే లేచాను. వినీ రాలేదనుకున్నాను. నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఎ.కొండూరు దగ్గరపడుతుండగా ఆయనే మొదలుపెట్టారు. "ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటాను. నువ్వు అటు తిరిగి చెప్తే తెలీదు. ఊఁ అనేవాణ్ణి."

"ఏంటి అని అడగొచ్చుగా," అన్నాను ఆయన వైపు తిరిగి.

"మొదట్లో అడిగేవాణ్ణి. రెండోసారి అడిగితే నీకు చిరాకు వచ్చేది."

వచ్చేది. బడిలో రోజంతా నలభైమందికి చెప్పిందే చెప్పి ఇంటికొచ్చిన దాన్ని, ఇంట్లో కూడా రెండుసార్లు చెప్పాలంటే నాకు ఒళ్ళు మండేది. అది నాకూ తెలుసు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయన వైపు తిరగకుండా ఒక మాట అన్నాను కూడా. ఆయన ఊఁ అన్నారు.

మర్నాడు ఆయన మిల్లుకి వెళ్ళగానే సీడీ పెట్టి, గడియారం, కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నా చెవులు మంచివని ఇప్పుడు కాగితం మీద ఉంది. టిక్కు వచ్చినప్పుడల్లా సమయం రాసుకున్నాను. గంటసేపు. తర్వాత ఒకదాన్లోంచి ఒకటి తీసేసి చూస్తే ప్రతిసారీ అదే జవాబు, పదిహేడు సెకన్లు. ఆప్టికల్ పెట్టినా పదిహేడే, పసుపు తీగ పెట్టినా పదిహేడే. ఏ సీడీ అయినా పదిహేడే. పాడైన కేబుల్ ఇంత క్రమశిక్షణతో ఉండదు. గీత పడ్డ సీడీ అసలే ఉండదు.

ఇలాంటి లెక్క నేను ఏటా చెప్పాను. ఒక గడియారం సరిగ్గా నడుస్తుంది, ఇంకొకటి రోజుకి ఇంత అని ముందుకి పోతుంది, రెండింటికీ తేడా ఎంతసేపటికి ఎంతవుతుంది? అంటే ఇక్కడ కూడా రెండు గడియారాలున్నాయి. డాక్ పుస్తకం తీశాను, చిన్న అక్షరాల్లో ఎనభై పేజీలు. నలభై ఒకటో పేజీలో దొరికింది. అంకెలు ఏ వేగంతో నడవాలో చెప్పే గడియారం డాక్‌లోనూ ఉంటుంది, సీడీ ప్లేయర్లోనూ ఉంటుంది. యూఎస్‌బీలో అయితే డాక్ తన గడియారం ప్రకారం కంప్యూటరుని అడిగి అంకెలు తెప్పించుకుంటుంది, గొడవ లేదు. ఆప్టికల్, కోయాక్సియల్ అలా కాదు. ప్లేయరు తన వేగంతో తను పంపేస్తుంది, డాక్ దాన్ని అనుసరించాలి. అనుసరించకుండా తన గడియారమే పట్టుకుని కూర్చుంటే, ఎంత చిన్న తేడా అయినా పోగుపడి, ఒకచోట కొన్ని అంకెలు జారిపోతాయి. ఆ జారడమే టిక్కు. డాక్ దేన్ని అనుసరించాలో నిర్ణయించే సెట్టింగు మెనూలో ఉంది. వెళ్ళి చూశాను. సొంత గడియారం అని పెట్టి ఉంది. మొదటిరోజు యజమాని తన చేత్తో పెట్టి వెళ్ళినది.

మార్చాను. మళ్ళీ గడియారం పట్టుకుని కూర్చున్నాను. పదిహేడు. ముప్పై నాలుగు. యాభై ఒకటి. ఏమీ లేదు. గంటసేపు కూర్చున్నాను, ఏమీ లేదు.

యజమానికి ఫోన్ చేసి ఎక్కడ ఏముందో, ఎలా మార్చానో, ఎన్ని సెకన్లో అన్నీ చెప్పాను.

"ఎవరు కనిపెట్టారమ్మా? సార్‌గారా?"

"సార్‌కి వినపడదండి. నిన్ననే పరీక్ష చేయించాం. నేను కనిపెట్టాను."

క్షమించమంటాడేమో అనుకున్నాను. ఆ సెట్టింగు యూఎస్‌బీకి మంచిదనీ, నేను వేరే సాకెట్‌కి మారతానని తనకి తెలియదు కదా అనీ అన్నాడు. నేను ఆ సాకెట్ల గురించి అతనితో ఫోన్లో మాట్లాడినన్నిసార్లు మా పుట్టింటివాళ్ళతో కూడా మాట్లాడలేదు. వారం తర్వాత ఖమ్మంలో ఒకాయనకి ఇదే టిక్కు వస్తోందనీ, కాస్త ఆ వివరం మళ్ళీ చెప్పమనీ తనే ఫోన్ చేశాడు. చెప్పాను. రాసుకున్నాడు. పేజీ నంబరు కూడా చెప్పాను.

ఇప్పుడు సీడీలు పసుపు తీగ మీద వింటున్నాను. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీద, బ్యాటరీ ఉన్నంతసేపు. యూఎస్‌బీకి మారిన ప్రతిసారీ ఆ సెట్టింగు వెనక్కి మార్చాలి, సీడీకి వస్తే ముందుకి మార్చాలి. మరిచిపోతే పదిహేడో సెకన్లో గుర్తొస్తుంది. ఆప్టికల్ ఖాళీ అయింది కదా అని టీవీకి పెట్టాను. టీవీ దాని సొంత పద్ధతిలో అంకెలు పంపితే డాక్ అర్థంకాక మూగబోయింది, టీవీ మెనూలో ఇంకో పేజీ వెతికి మార్చేదాకా ఒక ఆదివారం పోయింది.

మావారికి చెవి మిషన్లు వచ్చాయి. పెట్టుకున్న మొదటి వారం ఇంట్లో ఉండలేకపోయాను. కుక్కరు ఈల చెవులు పగలగొడుతోందన్నారు. నేను పళ్ళేలు విసిరికొడుతున్నానన్నారు. పేపరు మడతపెడితే ఇంత చప్పుడా అన్నారు. ఇన్నేళ్ళూ టీవీ వీధి చివరికి వినపడేలా పెట్టిన మనిషి, నా వీణ కొంచెం తగ్గించమన్నారు. ఒక పొద్దున వంటింట్లోంచి, జవాబు వస్తుందన్న ఆశ లేకుండా, అలవాటుకొద్దీ పిలిచాను. వరండాలోంచి, "ఏంటి, చెప్పు" అని వినపడింది. ఎందుకు పిలిచానో నాకు గుర్తురాలేదు. ఏం లేదండీ అన్నాను.

ఆ మిషన్లు టీవీకి నేరుగా కలుస్తాయని అమ్మాయి చెప్పింది. బ్లూటూత్ అట. కలిపాం. ఆయనకి వార్తలు సూటిగా చెవిలోకే వస్తున్నాయి, ప్రతి అక్షరం తెలుస్తోందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నారు. కాకపోతే మా టీవీ మాట ఒకవైపే పంపుతుంది. బ్లూటూత్ పెడితే ఆప్టికల్ ఆగిపోతుంది, ఆప్టికల్ పెడితే ఆయన చెవులు ఆగిపోతాయి. రెండూ ఒకేసారి కావాలంటే మధ్యలో ఇంకో పెట్టె పెట్టాలని గ్రూపులో ఒకాయన అన్నాడు. డాక్ మార్చమనే ఆయన ఇప్పుడు టీవీ మార్చమంటున్నాడు. నేను ఎవరి మాటా వినదలుచుకోలేదు. వార్తలప్పుడు ఆయనకి, కచేరీ వచ్చినప్పుడు నాకు అని ఒప్పందం చేసుకున్నాం. నిన్న కచేరీ పెట్టాను, శబ్దం లేదు. రిమోట్ వెతుకుతుంటే ఆయన సోఫాలో కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. పెద్దగా పిలిచాను. కళ్ళు తెరవకుండానే వేలు చూపించి ఒక్క నిమిషం ఆగమన్నారు. కచేరీ ఆయన వింటున్నారు.